తెలుగు అక్షరానికి ఎన్ని పిక్సెళ్లు కావాలి?

ల్యాప్‌టాప్ కొనబోయేవారు ప్రాసెసర్ ఏ తరానిది, ర్యామ్ ఎంత, ఎస్‌ఎస్‌డీ ఎంత అని ఎంతో శ్రద్ధగా ఆరా తీస్తారు గాని, తెర ఏ రకానిదని అడిగేవారు నాకు చాలా అరుదుగా తారసపడ్డారు. విజయవాడలో పుస్తకాల డీటీపీ, ప్రూఫుల పని చేసుకునే మాలాంటివారిలో కూడా ఈ అలవాటే ఉంది. ప్రాసెసర్ కాస్త నెమ్మదైనదైతే ఫైలు తెరుచుకోవడానికి కొన్ని క్షణాలు ఎక్కువ పడుతుంది. తెర బాగాలేకపోతే మాత్రం పొద్దున పనిలో కూర్చున్నప్పటి నుంచి రాత్రి లేచేదాకా ఆ లోపాన్ని కళ్లు మోయవలసి వస్తుంది. జనవరిలో జరిగే పుస్తక మహోత్సవానికి కొత్త పుస్తకాలు అందించాలని ప్రచురణకర్తలు తొందరపెట్టే నవంబరు, డిసెంబరు నెలల్లో ఈ సంగతి మాకు మరీ బాగా తెలిసివస్తుంది. తెలుగు చదివేవారు, రాసేవారు, దిద్దేవారు ప్రాసెసర్ కంటే ముందు తెరను చూసుకోవాలని, తెరలోనూ అన్నిటికంటే ముందు పిక్సెళ్ల (తెర మీది బొమ్మను కూర్చే చిన్న చుక్కల) సాంద్రతను చూసుకోవాలని నా గట్టి అభిప్రాయం. అలా ఎందుకంటున్నానో కొంచెం వివరంగా రాస్తాను.

మనకు దొరికే సమీక్షలు దాదాపు అన్నీ ఇంగ్లిష్ అక్షరాలను దృష్టిలో పెట్టుకుని రాసినవే. ఆ లిపిలో అక్షరాలు ఒకే వరుసలో పక్కపక్కన నిలబడతాయి. మన లిపిలో తలకట్టు, గుడి, ఏత్వం పైన చేరతాయి, కొమ్ములు పక్కన చేరతాయి, ఒత్తులు కింద చేరతాయి. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరాన్ని తీసుకోండి. సకారం, దాని మీద గుడిదీర్ఘం, దాని కింద తావత్తు, పక్క నుంచి చుట్టుకొచ్చే రావత్తు, ఇవన్నీ కలిసి ఒక అక్షరానికి కేటాయించిన ఎత్తులోనే ఇమడాలి. విండోస్‌లో స్కేలింగ్ (అక్షరాలను, బొమ్మలను పెంచి చూపే ఏర్పాటు) 100 శాతం ఉన్నప్పుడు 12 పాయింట్ల అక్షరానికి దక్కేది 16 పిక్సెళ్ల ఎత్తు. అందులోనే పైనున్న గుడికీ కిందనున్న ఒత్తులకూ చోటు చూపాలి గనుక, అసలు సకారానికి మిగిలే పిక్సెళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఇక గుడికీ గుడిదీర్ఘానికీ మధ్య ఉండే తేడా చివరనున్న చిన్న మెలిక మాత్రమే, అది ఒకటి రెండు పిక్సెళ్లతోనే తేలిపోతుంది.

ప్రూఫులు చూసేవారికి ఆ ఒకటి రెండు పిక్సెళ్లే ప్రాణం. ‘విధి’ అని ఉండవలసిన చోట ‘వీధి’ అని పడితే స్పెల్ చెకర్ పట్టుకోదు, ఎందుకంటే రెండూ సరైన మాటలే. ‘ద’కూ ‘ధ’కూ, ‘డ’కూ ‘ఢ’కూ, ‘ప’కూ ‘ఫ’కూ ఉన్న తేడా ఒక చిన్న గీత. పిక్సెళ్లు పెద్దవిగా, తక్కువగా ఉన్న తెర మీద ఆ గీత పక్క గీతలో కలిసిపోయి బూడిదరంగు మరకలా కనిపిస్తుంది. కన్ను దాన్ని చూడదు, సందర్భాన్ని బట్టి ఊహించుకుని ముందుకు పోతుంది. అచ్చయిన తరువాత కాగితం మీద ఆ తప్పు స్పష్టంగా కనిపిస్తుంది.

సాంద్రతను లెక్కకట్టడం కష్టమేమీ కాదు. అడ్డంగా ఉన్న పిక్సెళ్ల వర్గాన్ని, నిలువుగా ఉన్న పిక్సెళ్ల వర్గాన్ని కూడి, వర్గమూలం తీసి, తెర మూలలకు మధ్య అంగుళాల కొలతతో భాగిస్తే అంగుళానికి ఎన్ని పిక్సెళ్లో వస్తుంది. 15.6 అంగుళాల తెరలో 1366×768 ఉంటే అంగుళానికి సుమారు 100 పిక్సెళ్లు. అదే తెరలో ఫుల్ హెచ్‌డీ, అంటే 1920×1080 ఉంటే 141. 14 అంగుళాల తెరలో 1920×1200 ఉంటే 162, 16 అంగుళాల తెరలో 2560×1600 ఉంటే 189, 14 అంగుళాల తెరలో 2880×1800 ఉంటే 243. ‘ఫుల్ హెచ్‌డీ’ అనే మాట మనకు పిక్సెళ్ల సంఖ్యను మాత్రమే చెబుతుందని, అవి ఎంత దగ్గర దగ్గరగా ఉన్నాయో చెప్పదని దీన్నిబట్టి గ్రహించాలి. 24 అంగుళాల డెస్క్‌టాప్ మానిటర్‌లో ఫుల్ హెచ్‌డీ ఉంటే అంగుళానికి 92 పిక్సెళ్లే ఉంటాయి. అది పాతకాలపు 1366×768 ల్యాప్‌టాప్ కంటే కూడా పలుచన.

ఎంత సాంద్రత సరిపోతుందో తేల్చడానికి కంటి వైద్యుల కొలత ఒకటి ఉంది. ఆసుపత్రి గోడ మీది పట్టికలో 6/6 వరుస చదవగలిగిన కన్ను, ఒక డిగ్రీలో 60వ వంతు కోణాన్ని, అంటే ఒక నిమిషాన్ని విడదీసి చూడగలదు. 50 సెంటీమీటర్ల దూరం నుంచి చూస్తే ఆ కోణం తెర మీద 0.145 మిల్లీమీటర్లు అవుతుంది. పిక్సెల్ అంతకంటే చిన్నదిగా ఉండాలంటే అంగుళానికి 175 పిక్సెళ్లు కావాలి. 60 సెంటీమీటర్ల దూరానికైతే 145 చాలు. 15.6 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెర మామూలు వాడకానికి బాగానే ఉందని చాలామంది అనడానికి, ముందుకు వంగి అక్షరం అక్షరం చూసే ప్రూఫ్ రీడర్‌కు అదే తెర చాలకపోవడానికి కారణం ఇక్కడే ఉంది. ముందుకు వంగినకొద్దీ దూరం తగ్గుతుంది, కావలసిన సాంద్రత పెరుగుతుంది.

మరో లెక్క కూడా చూడండి. 1366×768 తెరలో 100 శాతం స్కేలింగ్ వద్ద 12 పాయింట్ల అక్షరానికి 16 పిక్సెళ్లు అనుకున్నాం. తెర మీద దాని ఎత్తు సుమారు 4 మిల్లీమీటర్లు. 15.6 అంగుళాల ఫుల్ హెచ్‌డీలో 125 శాతం స్కేలింగ్ పెట్టుకుంటే 20 పిక్సెళ్లు వస్తాయి, ఎత్తు 3.6 మిల్లీమీటర్లు. 14 అంగుళాల 2880×1800లో 200 శాతం పెట్టుకుంటే 32 పిక్సెళ్లు, ఎత్తు 3.3 మిల్లీమీటర్లు. కంటికి కనిపించే పరిమాణం కొంచెం తగ్గినా, అక్షరాన్ని గీయడానికి దొరికే పిక్సెళ్లు నిలువునా అడ్డంగా రెండింతలు, మొత్తం మీద నాలుగింతలు అయ్యాయి. ‘స్త్రీ’లోని తావత్తు మెలిక, రావత్తు కొస విడివిడిగా కనిపించేది అప్పుడే. 2012 జూన్‌లో యాపిల్ సంస్థ 15.4 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోలో 2880×1800 తెరను తెచ్చినప్పుడు దాన్ని ఫొటోల కోసం, వీడియోల కోసం మెచ్చుకున్నవారు ఎందరో. నన్నడిగితే దాని నుంచి అసలు లాభం పొందగలిగినవి మనలాంటి లిపులే.

ఇక్కడ డీటీపీవారికి ఒక హెచ్చరిక చేయాలి. మన దగ్గర ఇప్పటికీ పేజీలు కూర్చే పాత ప్రోగ్రాము పేజ్‌మేకర్‌లో, యూనికోడ్ కాని అను ఫాంట్లతో పనిచేసేవారు ఎందరో ఉన్నారు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. ఇంత సాంద్రమైన తెరలను దృష్టిలో పెట్టుకుని దాన్ని తయారుచేయలేదు. అందువల్ల విండోస్ ఆ ప్రోగ్రామును తక్కువ పిక్సెళ్లతో గీసి, ఆ బొమ్మను సాగదీసి చూపిస్తుంది. అప్పుడు ఖరీదైన తెర మీద కూడా అక్షరాలు మసకగా ఉంటాయి. సాగదీయవద్దని చెబితే మెనూలు, పనిముట్ల పెట్టె చీమలంత అయిపోతాయి. ప్రోగ్రామ్ ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లోని కంపాటిబిలిటీ భాగంలో హై డీపీఐ సెట్టింగులను మార్చి, ‘సిస్టమ్ ఎన్‌హాన్స్‌డ్’ అనే వీలును ప్రయత్నిస్తే కొన్ని పాత ప్రోగ్రాములలో అక్షరాలు తేటపడతాయి. పని మొత్తం పేజ్‌మేకర్‌లోనే సాగేవారు మాత్రం అంగుళానికి 240 పిక్సెళ్ల తెర కోసం అదనంగా డబ్బు పెట్టడానికి ముందు తమ ఫైలును ఆ ల్యాప్‌టాప్‌లో ఒకసారి తెరిచి చూసుకోవాలి. యూనికోడ్ ఫాంట్లతో ఇన్‌డిజైన్ కొత్త వెర్షన్లలో పనిచేసేవారికి ఈ ఇబ్బంది లేదు.

సాంద్రత తరువాత చూడవలసింది ప్యానెల్ రకం. మా తమ్ముడి కూతురు ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు ల్యాప్‌టాప్ ఎంచుకోవడానికి నన్ను బందరు రోడ్డులోని ఒక షోరూముకు తీసుకువెళ్లింది. పక్కపక్కన ఉన్న రెండు ల్యాప్‌టాప్‌ల చీటీల మీదా ‘15.6 అంగుళాలు, ఫుల్ హెచ్‌డీ, యాంటీ గ్లేర్’ అనే ఉంది. రెండింటిలోనూ ఒకే తెలుగు పత్రిక పేజీ తెరిపించాను. ఆ అమ్మాయి కాసేపు రెండింటినీ మార్చి మార్చి చూసి, “పెదనాన్నా, రెండూ ఫుల్ హెచ్‌డీయే అంటున్నారు కదా, మరి దీంట్లో అక్షరాలు వెలిసిపోయినట్టు ఎందుకున్నాయి?” అని అడిగింది. ప్యానెల్ ఏ రకమని అక్కడి కుర్రవాణ్ణి అడిగాను. “రెండూ ఎల్‌ఈడీయేనండీ” అన్నాడు. అది ఆ కుర్రవాడి తప్పు కాదు. చీటీ రాసినవారు అంతకంటే ఏమీ రాయలేదు. ఎల్‌ఈడీ అనేది తెర వెనక వెలిగే దీపం పేరు. దాని ముందున్న ద్రవ స్ఫటికాల పొర ఎలా పనిచేస్తుందన్నదే ప్యానెల్ రకం.

ఎల్‌సీడీ తెర తనంతట తాను వెలగదు. వెనక నుంచి వచ్చే తెల్లని కాంతిని ఒక్కొక్క పిక్సెల్ దగ్గర ఎంత వదలాలో, ఎంత ఆపాలో ద్రవ స్ఫటికాలు నిర్ణయిస్తాయి. ఈ పదార్థాల విచిత్ర ప్రవర్తనను 1888లో ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ రైనిట్జర్ గమనించాడు. 1970లో స్విట్జర్లాండ్‌లోని హాఫ్‌మన్ లా రోష్ సంస్థలో మార్టిన్ షాట్, వుల్ఫ్‌గాంగ్ హెల్‌ఫ్రిక్ కలిసి వాటిని తెరకు పనికివచ్చే విధంగా మలిచారు. వారు కనిపెట్టిన పద్ధతే టీఎన్. రెండు గాజు పలకల మధ్య అణువులు 90 డిగ్రీలు మెలితిరిగి ఉంటాయి, కాంతి ఆ మెలిక వెంట తిరిగి బయటికి వస్తుంది, విద్యుత్తు తగిలినప్పుడు అణువులు నిలువుగా లేచి కాంతిని ఆపేస్తాయి. మధ్య ఛాయలకు అణువులు పూర్తిగా లేవక గాజు పలకకు ఏటవాలుగా నిలుస్తాయి గనుక చూసే కోణం మారితే కాంతి కూడా మారిపోతుంది. మూతను ముందుకు వంచితే పేజీ తెల్లబోతుంది, వెనక్కి వాలిస్తే నల్లబడి రంగులు తలకిందులవుతాయి. 15.6 అంగుళాల టీఎన్ తెర ముందు కదలకుండా కూర్చున్నా, పేజీ పై భాగాన్ని ఒక కోణంలో, కింది భాగాన్ని మరో కోణంలో చూస్తుంటాం గనుక ఒకే తెల్లకాగితం రెండు ఛాయలలో కనిపిస్తుంది. షోరూములో మా అమ్మాయి గమనించింది అదే. రోజంతా చదివే పని ఉన్నవారికి టీఎన్ వద్దనే చెబుతాను. ధర ఎంత తగ్గించినా సరే.

ఐపీఎస్ పద్ధతిలో అణువులు లేచి నిలబడవు, గాజు పలకకు సమాంతరంగానే పక్కకు తిరుగుతాయి. అందువల్ల ఎటు నుంచి చూసినా రంగులు, నలుపు తెలుపులు పెద్దగా మారవు. 1990ల మధ్యలో జపాన్‌కు చెందిన హిటాచీ సంస్థ దీన్ని మార్కెట్లోకి తెచ్చింది. ఇదే కుటుంబానికి చెందిన ప్యానెళ్లను ఏయూఓ సంస్థ ఏహెచ్‌వీఏ అని, బీఓఈ సంస్థ ఏడీఎస్ అని, శామ్‌సంగ్ పీఎల్‌ఎస్ అని పిలుస్తాయి. ‘ఐపీఎస్ లెవెల్’ అని చీటీ మీద రాసినప్పుడు సాధారణంగా ఇలాంటి ప్యానెలే ఉంటుంది, దానికి భయపడనక్కరలేదు. ‘డబ్ల్యూవీఏ’ అంటే కూడా వెడల్పు కోణాల ప్యానెల్ అనే అర్థం. ‘ఎస్‌వీఏ’ అని ఉంటే మాత్రం అది టీఎన్ అన్నమాట. ఏ మాటా రాయకుండా ‘హెచ్‌డీ డిస్‌ప్లే’ అని వదిలేస్తే టీఎన్ అనే అనుకుని అడగడం మంచిది.

ఐపీఎస్‌కూ బలహీనత ఉంది. దాని కాంట్రాస్ట్, అంటే తెలుపుకూ నలుపుకూ ఉన్న వెలుగు నిష్పత్తి, సాధారణంగా 1000:1 నుంచి 1500:1 వరకే ఉంటుంది గనుక చీకటి గదిలో నలుపు నలుపులా కాక ముదురు బూడిదరంగులా కనిపిస్తుంది, మూలల్లో వెలుగు కారుతుంది. తెల్లకాగితం మీద నల్ల అక్షరాలు చదివేవారికి ఇది అడ్డంకి కాదు, రాత్రిళ్లు దీపాలార్పి సినిమాలు చూసేవారికి అడ్డంకే. నలుపు విషయంలో ఐపీఎస్ కంటే మెరుగైన వీఏ రకం టీవీల్లో, డెస్క్‌టాప్ మానిటర్లలో బాగా వాడుకలో ఉంది గాని, ల్యాప్‌టాప్‌లలో అరుదు.

ఒకే మోడల్ పేరుతో వేర్వేరు ప్యానెళ్లు అమ్మడం ఈ వ్యాపారంలో మామూలే. ఒక ఊళ్లో స్నేహితుడు కొన్న ల్యాప్‌టాప్‌లో ఐపీఎస్ ఉందని, అదే పేరున్న ల్యాప్‌టాప్‌ను మరోచోట కొంటే అందులో టీఎన్ రావచ్చు. పేరు చివరనున్న పొడుగాటి ఉత్పత్తి సంఖ్యను పోల్చుకోవాలి. కొన్న తరువాత హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాములో మానిటర్ భాగం తెరిస్తే ప్యానెల్ తయారీదారు పేరు, చాలాసార్లు ప్యానెల్ సంఖ్య కూడా కనిపిస్తాయి. ఉదాహరణకు బీఓఈ వారి 15.6 అంగుళాల ప్యానెళ్లలో ‘ఎన్‌వీ156’తో మొదలయ్యేవి వెడల్పు కోణాల రకానివి, ‘ఎన్‌టీ156’తో మొదలయ్యేవి టీఎన్ రకానివి. వస్తువును వెనక్కి ఇచ్చే గడువు దాటకముందే ఈ పరీక్ష చేసుకోవాలి.

ఇప్పుడు అందరూ అడుగుతున్న ఓఎల్‌ఈడీ సంగతి. 1987లో కొడాక్ సంస్థలో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ ప్రకటించిన పరిశోధన దీనికి పునాది. ఇందులో వెనక దీపం ఉండదు, ప్రతి పిక్సెల్ తానే వెలుగుతుంది. నలుపు కావలసిన చోట పిక్సెల్ పూర్తిగా ఆరిపోతుంది గనుక కాంట్రాస్ట్‌కు హద్దు లేదు. సినిమా చూసినా, ఫొటో చూసినా ఇంతకు మించిన తెర ల్యాప్‌టాప్‌లలో లేదని నేను సందేహం లేకుండా చెబుతాను. రోజంతా తెల్లని పేజీ మీద తెలుగు దిద్దేవారికి మాత్రం నేను ఇంకా మంచి ఐపీఎస్ వైపే మొగ్గుతాను.

మొదటి కారణం కరెంటు. ఓఎల్‌ఈడీలో నల్లని భాగం బ్యాటరీని వాడదు, తెల్లని భాగం బాగా వాడుతుంది. మన పేజీలో తొంభై పాళ్లు తెలుపే గనుక ఈ తెరకున్న పొదుపు మన పనిలో కలిసిరాదు. రెండవది, కదలకుండా ఒకే చోట ఉండే బొమ్మలు. ఓఎల్‌ఈడీలోని సేంద్రియ పదార్థం వెలిగినకొద్దీ అరుగుతుంది, అందులోనూ నీలం త్వరగా అరుగుతుంది. కింద టాస్క్‌బార్, పక్కన పనిముట్ల పెట్టె, పైన రూలర్ ఏళ్ల తరబడి అవే చోట్ల ఉంటే వాటి నీడ తెర మీద శాశ్వతంగా మిగిలిపోవచ్చు. టాస్క్‌బార్‌ను దాచి ఉంచడం, పని ఆపగానే తెర ఆరిపోయేటట్టు పెట్టుకోవడం ఈ ప్రమాదాన్ని చాలావరకు తగ్గిస్తాయి గాని, పూర్తిగా తొలగించవు.

మూడవ కారణం మిణుకు. కాంతిని తగ్గించడానికి ఓఎల్‌ఈడీ తెరలు చాలావరకు వేగంగా వెలిగి ఆరే పద్ధతిని అనుసరిస్తాయి. పీడబ్ల్యూఎం అంటారు. ల్యాప్‌టాప్ ఓఎల్‌ఈడీలలో ఇది సెకనుకు 240 సార్లు జరగడం తరచు చూస్తాం. చాలామందికి ఏమీ తెలియదు, కొందరికి తలనొప్పి, కళ్ల మంట వస్తాయి. దుకాణంలో తెర వెలుగును బాగా తగ్గించి, ఫోన్ కెమెరాను స్లో మోషన్‌లో పెట్టి చూస్తే నల్లని చారలు కదులుతూ కనిపిస్తాయి. ఎల్‌సీడీలలోనూ కొన్ని చవక రకాలకు ఈ లోపం ఉంటుంది గనుక వాటికీ ఈ పరీక్ష చేయవచ్చు.

నాలుగవది అక్షరాలకే సంబంధించినది. విండోస్‌లోని క్లియర్‌టైప్ పద్ధతి, ప్రతి పిక్సెల్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఉపపిక్సెళ్లు నిలువు చారల్లా వరుసగా ఉంటాయని భావించి అక్షరాల అంచులను నునుపు చేస్తుంది. కొన్ని ఓఎల్‌ఈడీ ప్యానెళ్లలో ఉపపిక్సెళ్ల అమరిక వేరుగా ఉంటుంది. అప్పుడు నల్లని అక్షరాల అంచున సన్నని రంగు ఛాయ కనిపిస్తుంది. అంగుళానికి 240 పిక్సెళ్లు దాటిన తెరల్లో దాన్ని కన్ను గుర్తించడం కష్టం, సాంద్రత తగ్గినకొద్దీ బయటపడుతుంది. ఇది తెలిసిన తరువాత కూడా ఓఎల్‌ఈడీ కొనదలచుకుంటే 2880×1800 తరగతికి తగ్గకుండా కొనడం మేలు.

వెలుగును నిట్లలో కొలుస్తారు. చవక ల్యాప్‌టాప్‌లలో 250 నిట్లు మామూలు. కిటికీ తలుపులు మూసిన గదిలో, ట్యూబ్‌లైటు కింద అది సరిపోతుంది. మే నెలలో కరెంటు పోయి, మధ్యాహ్నం పూట వరండాలో కూర్చుని పని చేయవలసి వచ్చినప్పుడు 250 నిట్ల తెర అద్దంలా మారి మన ముఖాన్నే చూపిస్తుంది. మన ఊరి ఎండకు 300 నిట్లు కనీసం, 400 ఉంటే నిశ్చింత. పైపూత గరుకుగా, అంటే మ్యాట్‌గా ఉన్న తెర ఎదుటి వెలుగును చెదరగొడుతుంది, నిగనిగలాడే గ్లాసీ తెర దాన్ని యథాతథంగా తిప్పికొడుతుంది. ఓఎల్‌ఈడీలు ఎక్కువగా నిగనిగలాడే రకానివే కావడం కూడా గుర్తుంచుకోవాలి.

రంగుల విషయం ముఖచిత్రాలు చేసేవారికి ముఖ్యం. చీటీ మీద ‘45 శాతం ఎన్‌టీఎస్‌సీ’ అని ఉంటే ఆ తెర చాలా తక్కువ రంగులు చూపుతుంది. ఎన్‌టీఎస్‌సీ 1953 నాటి అమెరికా కలర్ టెలివిజన్ కొలత, ఎస్‌ఆర్‌జీబీ 1996లో హ్యూలెట్ ప్యాకర్డ్, మైక్రోసాఫ్ట్ సంస్థలు కలిసి కంప్యూటర్ల కోసం తయారుచేసిన కొలత. 72 శాతం ఎన్‌టీఎస్‌సీ అంటే ఇంచుమించు 100 శాతం ఎస్‌ఆర్‌జీబీతో సమానం. వ్రతకథల పుస్తకానికి ముఖచిత్రం చేస్తున్నారనుకోండి. 45 శాతం తెర మీద కుంకుమ ఎరుపు ఇటుకరంగులా, పసుపు పాలిపోయినట్టుగా కనిపిస్తాయి. అవి చాలడం లేదని ఫైలులో రంగు పెంచుకుంటూ పోతే, ప్రెస్సులో సీఎంవైకే (నీలి, గులాబీ, పసుపు, నలుపు) సిరాలు పడేసరికి ముఖచిత్రం మండిపోతుంది. ముఖచిత్రాలు చేసేవారు 100 శాతం ఎస్‌ఆర్‌జీబీకి తగ్గకూడదు. లోపలి పేజీలే చేసేవారు దీనికోసం ఖర్చు పెట్టనక్కరలేదు.

రిఫ్రెష్ రేటు గురించి రెండు మాటలు చాలు. సెకనుకు 60 సార్లు మారే తెర చదవడానికి, రాయడానికి సరిపోతుంది. 120 ఉంటే పేజీని కిందికి జరుపుతున్నప్పుడు అక్షరాలు తక్కువ చెదురుతాయి, అది హాయిగానే ఉంటుంది. 144, 165 అనేవి ఆటలు ఆడేవారి అవసరం. తెర ఆకారానికి మాత్రం నేను ఎక్కువ విలువ ఇస్తాను. పుస్తకం పేజీ నిలువుగా ఉంటుంది. 16:9 తెరలో 1080 వరుసలుంటే 16:10 తెరలో 1200 ఉంటాయి. ఒత్తులకు చోటివ్వడానికి తెలుగు పంక్తుల మధ్య ఇంగ్లిష్ కంటే ఎక్కువ ఎడం వదులుతాం గనుక, ఆ అదనపు 120 వరుసలు మనకు మరింత అక్కరకు వస్తాయి.

దుకాణానికి వెళ్లేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో రెండు పేజీల తెలుగు పీడీఎఫ్‌ను, నలుపు, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు నింపిన అయిదు బొమ్మలను తీసుకువెళ్లండి. షోరూములో ఆడే వీడియోలు ఏ తెరనైనా అందంగా చూపేటట్టు తయారుచేసినవే, వాటిని ఆపమనండి. పీడీఎఫ్‌ను 100 శాతంలో తెరిచి, ఇంట్లో కూర్చునే దూరంలో కూర్చుని, ఒత్తులున్న మాటలను చదవండి. మూతను ముందుకూ వెనక్కూ కదిపి పేజీ రంగు మారుతుందేమో చూడండి. తెల్లని బొమ్మ మీద నల్లని చుక్కలు, నల్లని బొమ్మ మీద వెలిగే చుక్కలు ఉన్నాయేమో వెతకండి. ఒకటి రెండు పిక్సెళ్లు చెడితే వారంటీ కింద తెర మార్చని తయారీదారులు ఉన్నారు గనుక, చెడిన పిక్సెళ్లను డబ్బు కట్టకముందే చూసుకోవాలి.

బల్ల దగ్గరే కూర్చుని పనిచేసేవారికి మరో దారి ఉంది. మధ్యరకం ల్యాప్‌టాప్ తీసుకుని, మిగిలిన డబ్బుతో 27 అంగుళాల 4కే (3840×2160) ఐపీఎస్ మానిటర్ కొనుక్కోవచ్చు. అందులో అంగుళానికి 163 పిక్సెళ్లు ఉంటాయి. మానిటర్‌ను 70 సెంటీమీటర్ల దూరంలో పెట్టుకుంటాం, ఆ దూరానికి 125 చాలు. మ్యాక్ వాడేవారు 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్ జోలికి పోకపోవడం మంచిది. 2018లో వచ్చిన మోహావీ నుంచి మ్యాక్‌ఓఎస్‌లో ఉపపిక్సెళ్ల ఆధారంగా అక్షరాలను నునుపుచేసే ఏర్పాటును తీసివేశారు గనుక, పలుచని మానిటర్ల మీద తెలుగు మరీ మసకగా వస్తుంది.

ఇప్పటికే ల్యాప్‌టాప్ ఉండి, అందులో 1366×768 టీఎన్ తెర ఉన్నవారు చాలా సందర్భాల్లో తెరను మాత్రమే ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్‌కు మార్పించుకోవచ్చు. దానికి ముందు పాత ప్యానెల్ వెనక స్టిక్కర్ మీది సంఖ్యను, కనెక్టర్‌కు 30 పిన్నులున్నాయా 40 పిన్నులున్నాయా అన్నదాన్ని, స్క్రూలు బిగించే చెవుల అమరికను మెకానిక్ చేత చూపించుకోవాలి. మామూలు 60 హెర్ట్జ్ తెరలకు 30 పిన్నులు, టచ్ ఉన్నవాటికి, వేగం ఎక్కువున్నవాటికి 40 పిన్నులు ఉండడం సాధారణం. కొత్త ప్యానెల్ ఏ సంస్థదో, దాని పూర్తి సంఖ్య ఏమిటో బిల్లు మీద రాయించుకుని, బిగించగానే అక్కడే హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిపించి ఆ రెండూ సరిపోయాయో లేదో చూసుకున్న తరువాతే డబ్బు ఇవ్వాలి.